గడ్డి మందు అని అడగకండి: అనంతపురం ఇంటి లాన్‌లో కలుపుకు ఏది వాడాలి, ఏది వద్దు

ఎరువుల కొట్టుకు పోయి "గడ్డి మందు ఇవ్వన్నా" అంటే వాళ్లు ఇచ్చేది గడ్డిని చంపే మందే. మనం అడిగింది కూడా అదే కాబట్టి వాళ్ల తప్పేం లేదు. కొన్నేళ్ల కింద నేను ఇలాగే అడిగి, అన్నిటినీ చంపే గ్లైఫోసేట్ తెచ్చి, మూడు సెంట్ల కొరియన్ కార్పెట్ పచ్చిక మీద ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కొట్టాను. నాలుగు రోజులు ఏమీ కనపడలేదు. మందు పని చేయలేదేమో, ఇంకో మోతాదు కొడదామా అని కూడా అనుకున్నాను. పదో రోజుకు తుంగ పసుపు తిరిగింది, దాని పక్కన పచ్చిక అంతకంటే పసుపు తిరిగింది. ఇరవయ్యో రోజుకు ఇంటి ముందర అంతా కోసేసిన కొర్ర చేను మాదిరి అయింది. నెలన్నర తర్వాత ఆ ఎండు చాపలోంచి మొట్టమొదట తల ఎత్తింది మళ్లీ తుంగే. మా జేజి అరుగు మీద కూర్చుని చూసి, "నీళ్లు పోసి కసువు పెంచితిరి, దుడ్లు పెట్టి చంపితిరి" అనేసి లోపలికి పోయింది.

అప్పటి నుంచి నేర్చుకున్నది, చదివింది, పక్కిళ్లలో చూసింది కలిపి ఇక్కడ పెడుతున్నాను. చేత్తో పీకడమా, మొలవకముందు కొట్టే మందా, వెడల్పాకు కలుపును చంపే 2,4-డినా, తుంగ మందా, అన్నిటినీ చంపేదా అని ఊగిసలాడే వాళ్ల కోసం. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: మా జిల్లాలో చిన్న ఇంటి లాన్‌కు మందు నిజంగా అవసరమయ్యే కలుపు ఒక్క తుంగే. మిగతా వాటికి చాలాసార్లు చేతులు చాలు. పెద్ద జాగా ఉన్నవాళ్ల లెక్క వేరు.

## మందు పేరు కంటే ముందు తేల్చుకోవాల్సినవి

మీ పచ్చిక ఏది? అనంతపురం, కడప, కర్నూలు నర్సరీల్లో ఎక్కువగా దొరికేవి మూడు రకాలు. సెలక్షన్ వన్ అనేది మన గరిక జాతే, బెర్ముడా అంటారు. కొరియన్ కార్పెట్ సన్నగా, మెత్తగా, గుబురుగా ఉంటుంది. ఇది జోయిషియా జాతి. మూడోది వెడల్పాకు బఫెలో గడ్డి, వేప చెట్టు నీడలో కూడా బతుకుతుందని వేసుకుంటారు. మొదటి రెండూ కొన్ని మందులను తట్టుకుంటాయి. బఫెలో అంత గట్టిది కాదు. ముఖ్యంగా 2,4-డి ఎండలో పడితే పచ్చిక కూడా కలుపుతో పాటే పోతుంది.

మీ కలుపు ఏ జాతి? మూడు గుంపులుగా చూసుకుంటే చాలు. వెడల్పాకు కలుపు: వయ్యారిభామ, గలిజేరు, పల్లేరు, గడ్డిచామంతి, నానబాలు, గంగవావిలి, పులిచింత. గడ్డి జాతి కలుపు: కాకికాలు మాదిరి కంకి విప్పే గడ్లు. మూడోది తుంగ. తుంగ చూడ్డానికి గడ్డిలా ఉన్నా గడ్డి కాదు. కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పండి, మూడు పలకలుగా తగిలితే తుంగ. గడ్డి కాడ గుండ్రంగానో చదునుగానో ఉంటుంది, కణుపులు ఉంటాయి. ఈ చిన్న పరీక్ష చేయకుండా మందు కొన్నవాళ్లు నాతో సహా చాలామంది ఉన్నారు.

గరిక సంగతి విచిత్రం. సెలక్షన్ వన్ వేసుకున్నవాళ్లకు అది పచ్చిక, కొరియన్ వేసుకున్నవాళ్లకు అదే కలుపు. వినాయక చవితినాడు మాత్రం అందరికీ అది దూర్వాయుగ్మమే. కొరియన్‌లోకి నాటు గరిక దూరితే, మన కొట్లలో దొరికే మందుల్లో గరికను చంపి కొరియన్‌ను నమ్మకంగా వదిలేది నాకు కనపడలేదు. గడ్డపార మొనతో వేరు వెంట పోయి తీయడమే.

ఎండ, గాలి, నీళ్లు. ఈ మూడూ మందు సీసా మీద రాయని లెక్కలు. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అందులో సెప్టెంబరుది పెద్ద వాటా. ఏప్రిల్, మేలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఆగదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. బోరు నీళ్లు చాలాచోట్ల కఠినం, బకెట్టు అంచున తెల్లగా పొర కడుతుంది చూడండి, అదే. ఆ నీళ్లలోని కాల్షియం గ్లైఫోసేట్‌ను, 2,4-డిని పట్టేసుకుని వాటి బలం తగ్గిస్తుంది. సెంటుకు కావాల్సింది రెండు లీటర్ల నీళ్లే కాబట్టి ఆ మాత్రం కొళాయి నీళ్లో పట్టిన వాన నీళ్లో వాడుకోవచ్చు. నీళ్లు బురదగా కూడా ఉండకూడదు, గ్లైఫోసేట్ మట్టిరేణువులకు అతుక్కుని ఊరికే పోతుంది.

గోడ అవతల ఏముంది? టమాటా, మిరప, పత్తి, చిక్కుడు పాదు, ద్రాక్ష పందిరి, వీటిలో ఏదున్నా 2,4-డి గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. మందు తుంపర గాలికి పోయి పడితే ఆకులు గరిటె మాదిరి ముడుచుకుంటాయి, లేత చివర్లు మెలి తిరుగుతాయి.

ఎంత జాగా? మన కొట్లలో మందులు ఎకరాల లెక్కన వస్తాయి. "ఏం పంటకు సార్?" అంటే "పచ్చికకు" అనాలి, "ఎన్ని ఎకరాలు?" అంటే "మూడు సెంట్లు" అనాలి. వాళ్లు నవ్వితే నవ్వనీయండి. లేబుల్ మీద వరి, జొన్న, మొక్కజొన్న, చెరకు పేర్లుంటాయి. లాన్ అన్న మాట నేను చూసిన ఏ లేబుల్ మీదా లేదు. అంటే మోతాదు మనం ఎకరం నుంచి సెంటుకు దించుకోవాలి, పచ్చిక మాడితే అడిగే హక్కు కూడా మనకు ఉండదు. అందుకే ఏ మందైనా మొదట ఓ మూల చదరపు గజంలో కొట్టి పది రోజులు చూడమంటాను.

## ఒక్క చూపులో

మోతాదులు సుమారుగా సెంటుకు లెక్క కట్టినవి. మీ చేతిలో ఉన్న ప్యాకెట్ మీద వేరే శాతం ఉంటే లెక్క మారుతుంది.

| మార్గం | ఏ కలుపుకు | సెంటుకు | పచ్చికకు | ఫలితం ఎప్పటికి |
|---|---|---|---|---|
| చేత్తో పీకడం | వెడల్పాకు, గడ్డి జాతి | చేతొడుగులు, ఓపిక | ఏమీ కాదు | అప్పుడే |
| పెండిమిథాలిన్ 30 శాతం | ఇంకా మొలవని విత్తనాలు | 13 మి.లీ. | నాటుకున్నదైతే పర్వాలేదు, కొత్తదైతే వద్దు | రెండు నెలలకు పైగా కాపలా |
| 2,4-డి సోడియం లవణం 80 శాతం | వెడల్పాకు | 4–5 గ్రాములు | సెలక్షన్ వన్, కొరియన్ తట్టుకుంటాయి. బఫెలోకు వద్దు | 7–15 రోజులు |
| హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం | తుంగ | 0.36 గ్రాము | మూడు రకాలూ తట్టుకుంటాయి | 3–4 వారాలు |
| గ్లైఫోసేట్ 41 శాతం | అన్నీ | సొంతంగా వద్దు | చస్తుంది | 10–20 రోజులు |

## చేతులు

మూడు నాలుగు సెంట్ల లోపు లాన్‌కు నేను మొదట ఇదే చెప్తాను. సాయంత్రం నీళ్లు పట్టి, మరుసటి రోజు పొద్దున్నే కూర్చుంటే మా ఎర్రనేలలోంచి గడ్డిచామంతి వేరుతో సహా వస్తుంది. కర్నూలు వైపు నల్లరేగడిలో తడి ఎక్కువైతే చేతికి బురద, తక్కువైతే గడ్డపారకు కూడా లొంగదు, మధ్యలో ఒక రోజు దొరుకుతుంది, దాన్ని పట్టుకోవాలి. పల్లేరు కాయ కట్టకముందు తీసేయాలి. కాయ రాలిందంటే ఆ ఏడాదికి పిల్లలు చెప్పుల్లేకుండా లాన్‌లో నడవరు.

వయ్యారిభామను ఒట్టి చేతులతో పట్టుకోవద్దు. దాని పుప్పొడి, ఆకు తగిలి దురద, ఎగశ్వాస వచ్చినవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. పూత రాకముందే, ఆకులు నేలకు పరుచుకుని ఉన్నప్పుడే తీయాలి. మా జిల్లాలో ఈ మొక్క మీద ఇంకో కోపం కూడా ఉంది. 2000 ఖరీఫ్‌లో వేరుశనగను లక్షల ఎకరాల్లో ఎండబెట్టిన కాండం కుళ్ళు వైరస్‌కు ఇదే ఆసరా. మొక్క మాత్రం ఏ రోగం లేనట్టు కళకళలాడుతూనే ఉంటుంది, దాని పుప్పొడి వెంట తామర పురుగులు వైరస్‌ను చేనుకు మోశాయి. కాబట్టి లాన్‌లోదే కాదు, గోడ బయట రోడ్డు వారన ఉన్నది కూడా పీకేయడం మంచిది.

చేతులు ఓడిపోయేది తుంగ దగ్గర. పైన ఆకు పీకితే కింద గడ్డ మిగులుతుంది, ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డకు దారంలా వేరు ఉంటుంది. ఆ దారం తెగినప్పుడు అప్పటిదాకా నిద్రపోతున్న గడ్డలు కూడా మొలుస్తాయి. ఆదివారం పీకి బుట్ట నింపి, వచ్చే ఆదివారానికి అంతకంటే ఎక్కువ చూసినవాళ్లకు ఈ మాట కొత్తగా అనిపించదు.

## మొలవకముందు: పెండిమిథాలిన్

వేరుశనగ రైతులకు ఈ మందు పరిచయం అక్కర్లేదు, విత్తిన ఒకటి రెండు రోజుల్లో కొట్టేది ఇదే. నేల పైపొరలో పొరలా నిలిచి, మొలకెత్తే విత్తనాన్ని అక్కడే ఆపుతుంది. ఇప్పటికే మొలిచిన దాన్ని ఏమీ చేయదు, తుంగ గడ్డను అసలే పట్టించుకోదు. కంకి గడ్లు, గలిజేరు విత్తనం మీద బాగా పని చేస్తుంది.

మే చివర తొలకరికి ముందు ఒకసారి, అవసరమైతే ఆగస్టు చివర సెప్టెంబరు వానలకు ముందు ఇంకోసారి. కొట్టిన రోజో మరుసటి రోజో పలచగా నీళ్లు పట్టాలి, లేకపోతే మందు ఎండలో పైనే ఎండిపోతుంది. ఎండ దిగాక సాయంత్రం కొట్టడం మేలు. రెండు జాగ్రత్తలు. కొత్తగా నాటిన లాన్‌లో మూడు నెలలు వాడొద్దు, పచ్చిక కొసలు నేలకు వేరు పట్టలేవు. ఇంకోటి, దీని పసుపు రంగు టైల్స్ మీద, సున్నపు గోడ మీద పడితే అంత సులభంగా పోదు. మా పక్కింటి మెట్లు ఇప్పటికీ సాక్ష్యం.

## వెడల్పాకు కలుపుకు: 2,4-డి

ఎక్కువ జాగాలో వెడల్పాకు కలుపు లేతగా, ఒక్కసారే లేచినప్పుడు దీనికి సాటి లేదు. గడ్డి జాతులను వదిలి వెడల్పాకును మెలి తిప్పి చంపుతుంది. వయ్యారిభామ, గలిజేరు, పల్లేరు లేతగా ఉంటే బాగా లొంగుతాయి. ముదిరినవి వాడి మళ్లీ లేస్తాయి. పులిచింత అంత తేలిగ్గా చావదు, తుంగకు ఇది పనికిరాదు.

కొట్లలో మూడు రూపాల్లో దొరుకుతుంది: సోడియం లవణం పొడి, అమైన్ లవణం ద్రవం, ఇథైల్ ఎస్టర్. ఎస్టర్ మాత్రం ఇంటి దగ్గరకు తీసుకురావద్దు. మా ఎండకు అది ఆవిరై లేచిపోతుంది, గాలి లేని రోజు కొట్టినా పక్కింటి టమాటాకు అందుతుంది. సోడియం లవణమో అమైన్ లవణమో తీసుకోండి. అమైన్ 58 శాతం అయితే సెంటుకు 5 నుంచి 7 మి.లీ.

32 డిగ్రీల పైన కొడితే సెలక్షన్ వన్ కూడా పసుపు తిరుగుతుంది. వేసవి మా దగ్గర ఈ మందుకు పనికిరాదు, ఆ తర్వాత ఆగస్టు దాకా గాలి. మిగిలింది సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర. వాన పడిన రెండు మూడు రోజులకు, పచ్చిక దాహంతో లేనప్పుడు, మబ్బు లేకుండా తెల్లారిన రోజు. తర్వాత కనీసం ఏడెనిమిది గంటలు వాన గానీ, తడి గానీ వద్దు. రెండు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు కోత యంత్రం బయటికి తీయొద్దు, మందు పట్టాలంటే ఆకు ఉండాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కొట్టేటప్పుడు రాదు, ఆ తర్వాత వస్తుంది. మా మామ దగ్గర తెచ్చుకున్న స్ప్రేయరుతో 2,4-డి కొట్టి, నీళ్లతో రెండుసార్లు కడిగి ఇచ్చేశాను. ఆయన అదే ట్యాంకులో వేపనూనె కలిపి మిరప మడికి కొట్టాడు. వారానికి మిరప చివర్లన్నీ ఉంగరాలు చుట్టుకున్నాయి. మిరపకు ముడత వచ్చిందని ఆయన ఇంకో మందు తెచ్చాడు, తర్వాత ఇంకోటి. కారణం తేలేసరికి మడి అయిపోయింది. ఇప్పుడు నా స్ప్రేయరు మీద ఎర్ర రంగుతో "కలుపు" అని రాసి ఉంటుంది. ఎవరడిగినా ఇవ్వను, ఎవరిదీ తీసుకోను. తప్పదంటే చాకలి సోడా వేసిన నీళ్లు ట్యాంకులో ఒక రాత్రి నిలిపి, పైపులోంచి, నాజిల్‌లోంచి కూడా పోనిచ్చి కడగాలి. అది కూడా సగం ధైర్యమే.

## తుంగకు: హాలోసల్ఫ్యూరాన్

లాన్‌లో డబ్బు పెట్టాల్సింది దీని మీదే అని నా లెక్క. చెరకులో తుంగకు ఎకరాకు 36 గ్రాములు వాడే మందు ఇది. పచ్చికను వదిలి తుంగను మాత్రం పట్టుకుంటుంది, ఆకులోంచి గడ్డ దాకా దిగుతుంది. గరిక జాతి, కొరియన్, బఫెలో మూడూ దీన్ని తట్టుకుంటాయి.

ఓపిక లేకపోతే దీన్ని కొనొద్దు. మొదటి వారం ఏమీ జరగదు. రెండో వారం మధ్య ఆకు లేత పసుపు తిరుగుతుంది. మూడు నాలుగు వారాలకు మొక్క ఎండుతుంది. ఈలోపల "పని చేయలేదు" అనుకుని ఇంకో మోతాదు కొట్టినవాళ్లు, పీకేసినవాళ్లు, ఇద్దరూ నష్టపోతారు. పీకితే మందు గడ్డకు చేరదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మిగిలిన గడ్డలు మళ్లీ లేస్తాయి, అప్పుడు రెండో విడత. ఒక్క విడతతో తుంగ పోయిందని ఎవరన్నా నమ్మొద్దు.

తుంగ మూడు నుంచి ఎనిమిది ఆకుల మధ్య ఉన్నప్పుడు, తేమ ఉండి అది చురుగ్గా పెరుగుతున్నప్పుడు కొట్టాలి. ఎండి వాడిన తుంగకు కొడితే మందు దండగ. తోడుగా జిగురు మందు కలపాలి, తుంగ ఆకు నున్నగా మైనం పూసినట్టు ఉంటుంది, ఊరికే కొడితే చుక్కలు జారిపోతాయి. కొట్టాక నాలుగు గంటలైనా తడి తగలకూడదు.

చిక్కు తూకంలో ఉంది. సెంటుకు 0.36 గ్రాము. చెంచాతో, చిటికెతో కొలిచేది కాదు. నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ త్రాసు ఉంటే ఐదు సెంట్లకు 1.8 గ్రాములు తూచి పది లీటర్లలో కలుపుకోవచ్చు. త్రాసు లేనివాళ్లకు నేను చెప్పే ఉపాయం: వీధిలో తుంగతో బాధపడే నలుగురు కలిసి ఒక ప్యాకెట్ కొని, అదే రోజు పొద్దున అందరి లాన్లూ వరసగా కొట్టుకోండి. మిగిలిన పొడిని పొట్లాలు కట్టి పంచుకోవద్దు. పేరు లేని పొట్లం వంటింట్లో ఉప్పు డబ్బా పక్కకు చేరిన రోజున ఏం జరుగుతుందో ఊహించుకోండి.

తుంగ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూసుకోండి. చాలామంది లాన్లకు అది చెరువు మట్టితోనో, సరిగ్గా మాగని పశువుల ఎరువుతోనో వస్తుంది. ట్రాక్టరు మట్టి దింపించుకునేటప్పుడు ఒక పార మట్టి చల్లి వెతికితే నల్లటి గోలీల్లాంటి గడ్డలు కనపడతాయి. కనపడితే ట్రాక్టరు తిప్పి పంపండి. రోజూ రెండుపూటలా నీళ్లు పట్టే లాన్‌లో కూడా తుంగకు పండగే. వారానికి రెండుసార్లు లోతుగా తడిపితే పచ్చికకు సరిపోతుంది, బోరుకూ మంచిది.

## గ్లైఫోసేట్, ఇంకా కొన్ని

గ్లైఫోసేట్ సంగతి నా కథలోనే చెప్పేశాను. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప దీన్ని ఎవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. ఇప్పటికే పచ్చిక ఉన్నచోట దీనికి పని లేదు. దీని చోటు లాన్ వేయకముందు, నేల ఖాళీగా ఉన్నప్పుడు. అప్పుడు కూడా మా ఊరికి ఇంకో మంచి దారి ఉంది, కింద చెప్తాను.

పారాక్వాట్: ఆకును గంటల్లో మాడుస్తుంది, వేరును వదిలేస్తుంది, పొరపాటున లోపలికి పోతే విరుగుడు లేదు. ఇంటి ఆవరణలోకి రానీయొద్దు, అంతే.

అట్రజిన్ జొన్న, మొక్కజొన్న మందు. పెరుగుతున్న గరికను దెబ్బతీస్తుంది, భూగర్భ జలంలోకి దిగే గుణం ఉంది. లాన్ పక్కనే బోరు ఉన్న ఇంటికి ఇది వద్దు. మెట్‌సల్ఫ్యూరాన్ వెడల్పాకుకు గట్టి మందే గానీ గోధుమలో మోతాదే ఎకరాకు 8 గ్రాములు. సెంటుకు ఎంతో మీరే లెక్కేయండి. చుట్టూ ఉన్న చెట్ల వేర్లు కూడా దాన్ని తాగుతాయి.

ఉప్పు చల్లడం, వెనిగర్ కొట్టడం లాంటి వీడియోలు చూసి అడిగేవాళ్లకు ఒకటే మాట. బోరు నీళ్లతో ఇప్పటికే ఉప్పెక్కుతున్న నేలకు ఇంకా ఉప్పు వేయడం ఎందుకు? టైల్స్ సందుల్లో మొలిచిన వాటికి మాత్రం కాగే నీళ్లు బాగా పని చేస్తాయి.

## మీరు ఎవరైతే ఏది

చిన్న ఇల్లు, పిల్లలు, కుక్క. మందు లేకుండా ఒక సీజన్ ప్రయత్నించండి. పచ్చికను నున్నగా గొరగకుండా కాస్త ఎత్తు ఉంచితే, ప్రతి కోతలో మూడో వంతు మించి తీయకపోతే, నేలకు ఎండ తగలక సగం విత్తనాలు మొలవవు. తుంగ ఉంటే హాలోసల్ఫ్యూరాన్, అది కూడా తుంగ గుంపుల మీద మాత్రమే. కొట్టాక ఆరడం చాలదు, మరుసటి రోజు దాకా పిల్లలను, కుక్కను లాన్‌లోకి రానీయకండి.

పశువులున్న ఇల్లు. కోసిన పచ్చిక ఆవుకు వేసే అలవాటుంటే ఏ మందూ మీకు సరిపడదు. ఈ లేబుళ్ల మీద లాన్ గడ్డి మేతకు ఎన్నాళ్లు ఆపాలన్న లెక్కే ఉండదు. మందు కొట్టిన పచ్చికను టమాటా పాదుల్లో కప్పడం కూడా వద్దు. చవితికి గరిక కూడా అక్కడి నుంచి కోయొద్దు.

కల్యాణ మండపం, ఫామ్‌హౌస్, అర ఎకరం పైన. ఇక్కడ చేత్తో పీకించడం కూలీల లెక్కకు అందదు. మే చివర పెండిమిథాలిన్, సెప్టెంబరు వానల తర్వాత అవసరమైన చోట 2,4-డి, తుంగ మడులకు హాలోసల్ఫ్యూరాన్ రెండు విడతలు. మూడింటినీ ఒకే ట్యాంకులో కలిపి "ఒకేసారి అయిపోతుంది" అనే పనివాళ్లను ఆపండి. పెళ్లిళ్ల తేదీలు చూసుకుని కనీసం నెల ముందు కొట్టండి. పసుపు తిరిగిన పచ్చిక ఫోటోల్లో బాగా కనపడుతుంది, మనకు కావాల్సినట్టు కాదు.

ఆడుకునే మైదానం. అనంతపురంలో 2024లో దులీప్ ట్రోఫీ జరిగాక మా పిల్లలందరికీ వాళ్ల బడి మైదానం కూడా అలా పచ్చగా ఉండాలని ఉంది. బడి మైదానానికి నాటు గరికే చాలు, తొక్కుడుకు అదే నిలుస్తుంది. పల్లేరు ఒక్కటే శత్రువు. సెలవుల్లో తప్ప మందు కొట్టొద్దు, వానల తర్వాత ఒక పూట అందరూ కలిసి పీకితే మందు అవసరమే రాదు.

చెట్టు నీడలో బఫెలో. 2,4-డి వద్దు. తుంగకు హాలోసల్ఫ్యూరాన్, మిగతా చేతులు.

ఇంకా లాన్ వేయనివాళ్లు. మీరు అదృష్టవంతులు. ఏప్రిల్‌లో నేల చదును చేసి బాగా తడిపి, పలచటి పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి అంచులు మట్టితో మూసేయండి. నల్ల షీటు కాదు, కింద నేల కనపడేది. ఐదారు వారాలు మా ఎండే పని చేస్తుంది. పైపొరలోని విత్తనాలు ఉడికిపోతాయి. తుంగ గడ్డల్లో లోతున ఉన్నవి కొన్ని మిగులుతాయి. షీటు తీశాక ఇంకోసారి తడిపి మూడు వారాలు ఆగి లేచిన వాటిని గడ్డతో సహా తవ్వి తీయండి, అప్పుడు నాటండి. నాలుగింతలు నీళ్లు, రెండింతలు కూలీ ఖర్చు ఇక్కడే మిగులుతుందని నా అనుభవం, లెక్క కట్టి చెప్పింది కాదు.

## కొట్టే రోజు

నాజిల్ మార్చుకోండి. పురుగుమందుకు వాడే గుండ్రటి తుంపర నాజిల్ పొగమంచులా చల్లుతుంది, గాలికి పోతుంది. కలుపు మందుకు చదునుగా విసనకర్రలా పడే నాజిల్ అడగండి. మోకాలి ఎత్తున పట్టుకుని, ఒకే నడకతో వెనక్కి వెనక్కి పోతూ కొట్టండి, కొట్టిన చోట తొక్కకుండా. ముందు రోజు ఒట్టి నీళ్లతో కొట్టి చూసి, సెంటుకు రెండు లీటర్లు పడుతున్నాయో లేదో చూసుకోండి. ఎక్కువ పడితే మోతాదు పెరిగినట్టే.

చేతొడుగులు, ముక్కుకు గుడ్డ కాదు మాస్కు, పొడుగు చేతుల చొక్కా, బూట్లు. సీసా మీద త్రికోణం చూడండి: ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉందని ఒట్టి చేతులతో కలపొద్దు. ఒళ్లు బాగోకపోతే ఆస్పత్రికి ఆ సీసానో లేబులో వెంట తీసుకుపోవాలి, "ఏదో గడ్డి మందు" అని చెప్తే డాక్టరుకు ఏమీ తెలియదు.

అనుమానం ఉంటే కలుపు మొక్కను వేరుతో సహా ఒక కవర్లో వేసుకుని, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోనో మీ మండల వ్యవసాయ కార్యాలయంలోనో చూపించండి. కొట్టుకు పోయినప్పుడు మాత్రం "గడ్డి మందు" అనకండి. "గరిక జాతి పచ్చికలో తుంగకు హాలోసల్ఫ్యూరాన్ కావాలి" అని మందు పేరుతోనే అడగండి. అది లేదు, దాని బదులు ఇది తీసుకో అంటే ఆ రోజుకు ఉత్త చేతులతో ఇంటికి రండి.